షష్ఠీ రూపం

షష్ఠీ విభక్తి ఒక నామానికి మరో నామంతో గల సంబంధాన్ని తెలిపే విభక్తి. తెలుగులో మీద, కింద, ముందు, దగ్గర వంటి పదాలకు ముందు నామం ఈ రూపంలోనే ఉంటుంది.

పరవస్తు చిన్నయసూరి 1858 నాటి ‘బాలవ్యాకరణం’లో విభక్తులకు ముందు కొన్ని నామాలు పొందే ఇ, టి, తి వర్ణాలను ఔపవిభక్తికాలుగా వివరించాడు: ఊరు–ఊరి, ఇల్లు–ఇంటి, చేయి–చేతి. అందుకే ‘ఊరి చివర’, ‘ఇంటి ముందు’ అంటారు. బహువచనంలో ‘లు’ ‘ల’ అవుతుంది: ‘కొండల మధ్య’. నెల్లూరు జిల్లా పశ్చిమ ప్రాంతపు ఊరిపేర్లలో ఉదయగిరి మార్పు లేకుండానే షష్ఠ్యర్థాన్నిస్తుంది: ‘ఉదయగిరి కోట గోడ పక్కన’. ఆత్మకూరు వాడుకలో మారకపోయినా, ఇంటిపేరుగా ‘ఆత్మకూరి’ అవుతుంది. ‘యొక్క’ ఎక్కువగా గ్రాంథిక, అనువాద భాషల్లో కనిపిస్తుంది.

ఇంగ్లీషులో క్రమం వేరు: ‘ఆన్ రాజూస్ టేబుల్’లో విభక్త్యర్థక పదం ముందు, స్వామ్యవాచకం తర్వాత వస్తాయి, ‘రాజు బల్ల మీద’లో ఆ పదం చివర ఉంటుంది. ‘ఎ ఫ్రెండ్ ఆఫ్ రాజూస్’ వంటి ద్వంద్వ షష్ఠికి తెలుగులో ‘రాజు స్నేహితుల్లో ఒకడు’ అనే నిర్మాణం సరిపోతుంది. ఇలాంటి ద్వంద్వ షష్ఠిలో తప్ప, ‘రాజూస్ టేబుల్’, ‘రాజు బల్ల’ వంటి వాటిలో రెండు భాషల్లోనూ స్వామ్యవాచకం తాను విశేషించే నామానికి ముందే నిలుస్తుంది.