సీసాలో దెయ్యం, కచేరీలో ఖూనీ: కన్యాశుల్కం, ది క్రూసిబుల్, ఉత్తరాంధ్ర చిల్లంగి నిందలు

మంత్రగత్తెల విచారణను ఇతివృత్తంగా గ్రహించిన నాటకాలలో ఆర్థర్ మిల్లర్ రచించిన ‘ది క్రూసిబుల్’ ప్రసిద్ధమైనది. 1953 జనవరిలో న్యూయార్కులో తొలిసారి ప్రదర్శితమైన ఈ నాటకానికి ఆధారం 1692లో మసాచుసెట్స్ వలసరాజ్యంలోని సేలంలో జరిగిన విచారణలు. అక్కడ నూటయాభై మందికి పైగా నిందితులయ్యారు, పందొమ్మిది మందిని ఉరితీశారు. సమాధానం చెప్పడానికి నిరాకరించిన గైల్స్ కోరీని రాళ్ల బరువుకింద నలిపి చంపారు. తెలుగు సాహిత్య విమర్శలో ఈ నాటకం ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా అమెరికాలోని కమ్యూనిస్టు వ్యతిరేక విచారణలతో దానికున్న సంబంధమే ప్రధానంగా చర్చకు వస్తుంది. 1956లో మిల్లర్ స్వయంగా ప్రతినిధుల సభ విచారణ సంఘం ముందు నిలబడవలసి రావడం ఆ చర్చకు మరింత బలమిచ్చింది. అయితే ఉత్తరాంధ్ర చరిత్రను పరిశీలించేవారికి ఈ నాటకం వేరొక ప్రశ్నను ముందుంచుతుంది. కంటికి కనిపించని నేరానికి సాక్ష్యం ఎలా పుడుతుంది? ఈ ప్రశ్నను మిల్లర్ కంటే అరవై ఏళ్ల ముందే విజయనగరంలో ఒక నాటకం వేసింది.

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ ప్రదర్శించిన నాటకం, 1897లో అచ్చయింది, 1909లో సమూలంగా మారిన రెండవ కూర్పు వెలువడింది. దానిని వివాహ సంస్కరణ నాటకంగా చదవడం అలవాటు. ఆ అలవాటు వలన నాటకం ఉత్తరార్ధంలో నడిచే మరొక కథకు తగినంత శ్రద్ధ దక్కలేదు. మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లు పాలు కాకుండా తప్పించడానికి కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడవేషం వేసి, గుంటూరు శాస్త్రిగా తాను నటించి, ఆ ‘కన్య’ను అవధాన్లుకు అమ్ముతాడు. పెళ్లయిన తరువాత శిష్యుడు వేషం విప్పి మాయమవుతాడు. పెళ్లికూతురు కనిపించదు. ఇక్కడినుంచి రెండు వివరణలు బయలుదేరుతాయి. పూజారి గవరయ్య దృష్టిలో ఆమె మనిషే కాదు, కామినీ పిశాచం. తాను దానిని సీసాలో బంధించానంటాడు. పోలీసుల దృష్టిలో ఆమె హతురాలు, లుబ్ధావధాన్లు హంతకుడు. ఉన్నది ఒకే శూన్యం. మంత్రగాడు దానిలో దెయ్యాన్ని చూస్తే, కచేరీ దానిలో శవాన్ని చూస్తుంది.

ఈ రెండు వివరణలనూ గురజాడ పక్కపక్కనే నిలపడం యాదృచ్ఛికం కాదు. గవరయ్య సీసాను చూచి ప్రేక్షకుడు నవ్వుతాడు. ఆ నవ్వు చల్లారకముందే హెడ్డు కనిస్టీబు, రామప్పంతులు కలిసి నడిపే వ్యవహారం అంతే నిరాధారమైనదని గ్రహిస్తాడు. మొదటిది మూఢనమ్మకమనీ రెండవది చట్టమనీ వేరుచేసి చూడడానికి నాటకం అవకాశమివ్వదు. మిల్లర్ కూడా ప్రేక్షకునికి నిజాన్ని ముందే చెప్పివేస్తాడు: బాలికలు అడవిలో ఆడిన ఆట బయటపడితే శిక్ష తప్పదన్న భయంతోనే నిందలు మొదలవుతాయి. కాని మిల్లర్‌కు నింద వెనుక ఒక ద్వేషం కావలసివచ్చింది. చరిత్రలో పదకొండు పన్నెండేళ్ల బాలిక అయిన అబిగెయిల్ విలియమ్స్ వయసును పదిహేడుకు పెంచి, వృద్ధుడైన జాన్ ప్రాక్టర్ వయసును తగ్గించి, వారి నడుమ ఒక అక్రమ సంబంధాన్ని కల్పించాడు. గురజాడకు అటువంటి ప్రతినాయిక అవసరం లేకపోయింది. అబద్ధాన్ని మొదలుపెట్టినవాడు కరటకశాస్త్రి. అతని ఉద్దేశం మంచిది. ఆ మంచి అబద్ధమే ఒక నిర్దోషి మెడకు ఉరితాడుగా పేనుకుంటుంది. నింద పుట్టుకను అర్థంచేసుకోవడంలో గురజాడ చూపు మిల్లర్ చూపుకంటే సూక్ష్మమైనదనడానికి ఇది చాలు.

సేలం న్యాయస్థానం ఆధారపడినది ఛాయాసాక్ష్యం. నిందితుని ఆకారం తన గదిలోకి వచ్చి బాధించిందని బాధితురాలు చెబితే, ఆ సమయంలో నిందితుడు ఎక్కడున్నాడన్న ప్రశ్నకు విలువ లేకుండా పోయింది. 1692 అక్టోబరులో గవర్నరు విలియమ్ ఫిప్స్ ఆ ప్రత్యేక న్యాయస్థానాన్ని రద్దుచేశాడు. 1693లో ఛాయాసాక్ష్యాన్ని పక్కనపెట్టి విచారణ జరిపిన కొత్త న్యాయస్థానంలో దాదాపు నిందితులందరూ విడుదలయ్యారు. శిక్షపడిన ముగ్గురికీ మరణశిక్ష తప్పింది. అంటే జనంలో భయం ఉన్నంత మాత్రాన ఉరికొయ్యలు లేవవు. ఆ భయాన్ని సాక్ష్యంగా స్వీకరించే పీఠం ఒకటి ఉండాలి. ‘సామూహిక ఉన్మాదం’ అన్న మాటను విమర్శకులు విరివిగా వాడుతున్నారు గాని, ఆ మాట న్యాయమూర్తుల బాధ్యతను జనం మీదికి నెట్టివేస్తుందన్నది గుర్తించవలసి ఉంది.

ఈ ప్రశ్నతో శృంగవరపుకోటకు వస్తే విషయం మరింత జటిలమవుతుంది. బ్రిటిషు కాలపు విశాఖపట్నం జిల్లాలో శృంగవరపుకోట తాలూకా కొంత మైదానం, కొంత ఏజెన్సీ. 1839 నాటి 24వ చట్టం విశాఖపట్నం, గంజాం జిల్లాల కొండ ప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధినుంచి తప్పించి, కలెక్టరును ప్రభుత్వ ఏజెంటుగా నియమించి ఆయన అధికారం కింద ఉంచింది. ఏ ప్రాంతం ఏ పరిధిలోకి వస్తుందన్నది తరువాతి కాలంలో మారుతూ వచ్చినా, కోట పట్టణం మైదానపు పాలనలోను, దాని పైనున్న అనంతగిరి, అరకు కొండలు ఏజెన్సీ పాలనలోను ఉండడం కొనసాగింది. నేటికీ ఆ గీత చెరగలేదు: 2022 పునర్విభజన తరువాత కోట విజయనగరం జిల్లాలో, అనంతగిరి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. కొత్తవలస నుంచి కిరండూలుకు వెళ్లే రైలు కోట దాటి కొండెక్కుతుంది. గురజాడ నాటకం ఆ కొండెక్కలేదు. లుబ్ధావధాన్లుకు విశాఖపట్నంలో సౌజన్యారావు పంతులు వంటి వకీలు దొరికాడు. కొండమీద ఒక నిందితునికి అటువంటి వకీలు దొరకడాన్ని ఊహించడం కష్టం.

కొండల్లోను, కొండవాలు పల్లెల్లోను వినిపించే నింద పేరు చిల్లంగి. తెలంగాణలో దానికి దగ్గరగా ఉన్నది బాణామతి. రెండింటినీ ఒకటిగా భావించడం పరిపాటి గాని, వాటి స్వరూపంలో ఒక తేడా ఉంది. బాణామతి కొన్నిచోట్ల ఒకేసారి అనేకమంది స్త్రీలను పట్టిన ఆవేశంగా కనిపించింది. కర్ణాటక సరిహద్దు ప్రాంతంలో దీనిని మానసిక వైద్యులు పరిశీలించారు. సామూహిక ఆవేశమన్న మాట అక్కడ కొంతవరకు పొసగుతుంది. చిల్లంగి నింద సాధారణంగా అలా మొదలుకాదు. ఒక ఇంట్లో జ్వరం, ఒక పసిబిడ్డ మరణం, ఒక పశువు కూలడం దానికి నాంది. మన్యపు జ్వరాలకు పేరుపడిన ఈ కొండల్లో అటువంటి మరణాలకు కొదవలేదు. మందుతో నయంకాకపోతే దిసారినో, ఎజ్జోడినో, గణాచారినో అడుగుతారు. అక్కడ వచ్చే జవాబు తరచు పేరు కాదు, ఒక సూచన. పేరును పూరించేది అడిగినవారే. వారి మనసులో అప్పటికే ఉన్న గట్టు తగాదా, అప్పు, పాత మాట ఆ ఖాళీలో కూర్చుంటుంది.

ఈ సందర్భంలో తెలుగు వ్యాకరణం ఒక కీలకాన్ని అందిస్తుంది. గాలి సోకింది, దిష్టి తగిలింది, అమ్మవారు పోసింది, పూనకం వచ్చింది అన్న వాక్యాలలో కర్త మనిషి కాదు. జబ్బుకు కారణం చెప్పినట్లవుతుంది గాని, ఎవరిమీదా నేరం మోపినట్లు కాదు. దేవతకు మొక్కు చెల్లించడంతో వ్యవహారం ముగుస్తుంది. ‘చిల్లంగి పెట్టాడు’, ‘చేతబడి చేసింది’ అన్న వాక్యాలలో కర్త మనిషి, అందులోనూ పొరుగు మనిషి. అదే జ్వరం, అదే ఊరు. కర్త మారడంతో మొక్కు స్థానంలో శిక్ష వచ్చి నిలుస్తుంది. జరిమానా, వెలి, మంత్రం పలకకుండా పళ్లు ఊడగొట్టడం, చివరకు హత్య అన్నవి ఈ వాక్యనిర్మాణంలోనే బీజరూపంలో ఉన్నాయి. దైవాన్నీ గాలినీ కర్తలుగా చేసే వాక్యాలు ఇన్ని ఉన్న భాషలో, ఎప్పుడు ఏ పరిస్థితిలో జనం మనిషిని కర్తగా ఎన్నుకుంటారన్నది చరిత్రకారులూ భాషావేత్తలూ కలిసి పరిశోధించవలసిన అంశం.

పత్రికల భాష కూడా గమనింపదగినది. ‘చిల్లంగి అనుమానంతో హత్య’, ‘చిల్లంగి నెపంతో హత్య’ అన్న రెండు శీర్షికలను విలేకరులు పర్యాయాలుగా వాడుతున్నారు. అవి పర్యాయాలు కావు. అనుమానం అన్నప్పుడు హంతకుడు నమ్మాడని అర్థం. నెపం అన్నప్పుడు నమ్మలేదని, నమ్మకాన్ని సాకుగా వాడుకున్నాడని అర్థం. మొదటిది గవరయ్య లోకం, రెండవది రామప్పంతులు లోకం. ఒకే నేరంలో ఆ ఇద్దరూ ఉండవచ్చు.

వలస పాలకుల చట్టం ఈ విషయంలో ఒక వైరుధ్యాన్ని సృష్టించింది. 1735 నాటికే ఇంగ్లండు మంత్రవిద్యను నిజమైన నేరంగా గుర్తించడం మానుకుంది. భారత శిక్షాస్మృతి కూడా హంతకుణ్ణి శిక్షించింది గాని చిల్లంగిని నేరంగా గుర్తించలేదు. నమ్మినవారి దృష్టిలో ఇది మంత్రగానికి సర్కారు ఇచ్చిన అభయం. ఛోటానాగపూరు ప్రాంతంలో 1857 తిరుగుబాటుతో పాలన సడలినప్పుడు మంత్రగత్తెలన్న నెపంతో హత్యలు పెచ్చుమీరడాన్ని చరిత్రకారులు ఈ కోణంనుంచే వివరించారు. సేలంలో రాజ్యమే ఉరితీసింది. కొండల్లో రాజ్యం నేరం జరిగిన తరువాత వచ్చింది. అందుచేత సేలంలో నిందితుల మాటలు కోర్టు దస్తావేజులలో మిగిలాయి. చిల్లంగి నిందితుని మాట మిగలలేదు. దస్తావేజులో అతడు ఒక హతుడు మాత్రమే.

సాక్షి పరపతి విషయంలో రెండు నాటకాలూ మళ్లీ కలుస్తాయి. జాన్ ప్రాక్టర్ తన వ్యభిచారాన్ని బహిరంగంగా ఒప్పుకుంటే తప్ప అతని మాటకు విలువరాదు, ఒప్పుకున్నా రాలేదు. కన్యాశుల్కంలో నిజం తెలిసినది మధురవాణికి. వేశ్య గడపతొక్కడానికి వీలులేని ఇంటికి ఆమె పురుషవేషంలో వెళ్లి సౌజన్యారావు పంతులుకు నిజం చెప్పవలసివచ్చింది. పెళ్లికూతురు వేషంతో పుట్టిన అబద్ధం మరొక వేషంతోనే తీరింది. వృద్ధులు, ఒంటరి స్త్రీలు నిందకు గురైనచోట వారి పక్షాన నోరు విప్పేవారికి ఆ మాత్రం వేషం కూడా దొరకదు.

పొరుగున ఉన్న ఒడిశా 2013లో మంత్రగత్తె ముద్రవేయడాన్నే నేరంగా పరిగణించే చట్టం చేసింది. జాతీయ నేర గణాంక సంస్థ వార్షిక నివేదికలో హత్యలకు కారణాల పట్టికలో మంత్రవిద్యకు ఒక వరుస ఉంది. ఊరు విడిచి వెళ్లినవారికి, జరిమానా కట్టినవారికి, పళ్లు పోగొట్టుకున్నవారికి ఆ పట్టికలో చోటు లేదు.