పాంపేయి గోడలపై ఎన్నికల విన్నపములు

ఇటలీ దేశమున నేపుల్సు నగరమునకు చేరువను, వెసూవియసు పర్వతపాదమున వెలసి, క్రీ.శ. 79లో ఆ పర్వతము వెడలగ్రక్కిన బూడిద క్రింద కప్పబడిపోయిన పాంపేయి పట్టణము, తన దేవాలయములను, స్నానశాలలను మాత్రమే గాక, తన యెన్నికల ప్రచారమును సైతము మనకు భద్రపరచి యిచ్చినది. రాజశాసనములు చిరకాలము నిలువవలెనని చెక్కించినవి. ఈ యెన్నికల గోడవ్రాతలు మరుసటి యేట సున్నము క్రింద మాసిపోవుటకే వ్రాసినవి. ఆనాటి పౌరుని మనసు తెలిసికొనుటకు శాసనములకంటె వీనినే నేను మిక్కిలిగా నమ్ముదును.

పట్టణ పరిపాలనము ఏటేట ఎన్నుకొనబడు నలుగురి చేతిలో నుండెను. నేటి మేయరు పదవితో పోల్చదగిన డ్యువోవిర్ స్థానమున ఇద్దరుండి న్యాయవిచారణమును, నగరసభా నిర్వహణమును జరుపగా, వారికి దిగువ ఈడైల్ అను పదవియందు మరి యిద్దరు వీధులను, అంగళ్లను చూచుకొనుచుండిరి. జీతము లేదు సరికదా, గెలిచినవాడు ప్రజల వినోదములకును, కట్టడములకును సొంత ధనమును వెచ్చింపవలసి యుండెను.

ప్రచార మంతయు గోడలమీదనే. ఇంతవరకు బయల్పడిన యెన్నికల వ్రాతలే 2,500కు పైబడియున్నవి. ముందుగా సున్నము కొట్టువాడు వచ్చి నిరుటి పేర్లను కప్పి గోడను తెల్లబరచును. పిమ్మట వ్రాతగాడు, అభ్యర్థి పేరును వీధి కావలి ప్రక్కనుండి చదువదగినంత పెద్ద యక్షరములతో, ఎఱ్ఱరంగుననో నల్లరంగుననో దిద్ది, ఇతనిని ఎన్నుకొనుడని వేడు విన్నపమును మూడే పొడి యక్షరములకు కుదించును. ఎన్నికల వేళ గోడకు ముందే సున్నము కొట్టించి తమ పార్టీకని కేటాయించుకొను మన యూళ్ల వాడుక నెరిగినవారికి ఇది క్రొత్తగా తోపదు. రాత్రివేళ ఈ పని జరుగుచుండె ననుటకు సాక్ష్యము గోడమీదనే యున్నది: దీపము పట్టినవానిని, నిచ్చెన గట్టిగా పట్టుకొమ్మని హెచ్చరించు మాట యొకటి అచ్చట మిగిలిపోయినది. ఎమిలియుస్ కెలెర్ అను వ్రాతగాడు ఒక మల్లవినోద ప్రకటన చెంత, వెన్నెలలో ఒంటరిగా వ్రాసితినని చెప్పుకొనినాడు. అతడే మరియొకచోట, తన యిరుగుపొరుగువారి పక్షమున స్టాటియుస్ రెసెప్టుస్‌ను డ్యువోవిర్ పదవికి బలపరచుచు, అసూయచే దీనిని చెరిపినవాడు రోగగ్రస్తు డగుగాకయని శాపము పెట్టినాడు. చరిత్రగ్రంథములలో పేరు కెక్కని యీ పనివాని పౌరుషమునందు నాకెంతయో గౌరవము కలదు.

ఈ ప్రకటనలలో అభ్యర్థి తనను గూర్చి తాను పలుకుట యరుదు. అతని యోగ్యతకు ఇతరులే పూచీ పడుదురు. పండ్ల వర్తకులందరు ఒకనిని, కంసాలులందరు ఒకనిని, కంచరగాడిదలు తోలువారందరు ఒకనిని, ఐసిస్ దేవి భక్తులందరు మరియొకనిని కోరుచున్నట్లు గోడలు చాటుచున్నవి. చేయబోవు పనులను గూర్చిన వాగ్దానములు మిక్కిలి స్వల్పము. బ్రుత్తియుస్ బాల్బుస్ ధనాగారమును కాపాడు నను మాటయు, యూలియుస్ పాలిబియుస్ మంచి రొట్టె తెచ్చు నను మాటయు అట్టి యరుదైన యుదాహరణములు. సెర్రీనియుస్ వాటియా అనువానిని ప్రొద్దుపోవువరకు త్రాగువారును, చిల్లరదొంగలును బలపరచుచున్నట్లు కనబడు వ్రాతలు ప్రత్యర్థుల దుశ్చేష్టయే యని పలువురు పండితులు తలంతురు. నాకును అదియే యుక్తముగా తోచుచున్నది.

స్త్రీలకు ఓటు లేదు. అయినను అబ్బొందాన్సా వీధిలోని అసెల్లీనా పానశాల గోడమీద ఆమె పేరును, అచ్చటి పరిచారికల పేర్లును అభ్యర్థుల పేర్ల ప్రక్కన నిలిచియున్నవి. పాలిబియుస్‌ను బలపరచిన ఒక స్త్రీ పేరుమీద మాత్రము తరువాత సున్నము పూసినారు. పూయించినది అభ్యర్థియో, అన్యులో; ఆమె మాట ఓటర్ల చెవికెక్కు నను భయము లేనిచో ఆ సున్నపు ఖర్చు పెట్టువా రుండరు.

ప్రచారము వీధితో ఆగలేదు. 2023లో ప్రకటితమైన త్రవ్వకములలో, ఒక యింటి లోపల, గృహదేవతల పీఠమున్న గదిలో, ఈడైల్ పదవికి ఔలుస్ రుస్టియుస్ వేరుస్‌ను ఎన్నుకొనుడను వ్రాతలు కనబడినవి. ఆ యింటనే రొట్టెలు కాల్చు పొయ్యియు, అతని పేరిటి పొడి యక్షరములు చెక్కిన తిరుగలిరాయియు దొరకినవి. ఆ యింటివారు అతని యాశ్రితులై యుందురని పురాతత్త్వజ్ఞుల యూహ. పాలిబియుస్ రొట్టెను గూర్చి వీధిలో వ్రాసిన మాటకు ఈ యింటి పొయ్యి వ్యాఖ్యానము వంటిది.