కొమ్ము విరిచి చూసిన రంగు

మా దుగ్గిరాల వైపు పసుపు పైరు ఎనిమిది, తొమ్మిది నెలలు నేలలో ఉంటుంది. అసలు చాకిరీ తవ్విన తర్వాతే. దుంపల్ని పెద్ద బానల్లో పోసి, పుల్ల గుచ్చితే మెత్తగా దిగేదాకా ఉడకబెట్టాలి. రంగు దుంపంతా సమంగా పట్టేది అప్పుడే. ఆపైన కళ్లంలో పదిహేను రోజులు ఎండబెట్టి, పొట్టు పోయేలా డ్రమ్ములో తిప్పాలి. మార్కెట్ యార్డులో కొమ్ములకు ఒక ధర, కాయలకు ఇంకో ధర. కొనేవాడు కొమ్ము పుటుక్కున విరిచి లోపల చూస్తాడు. మా నాన్న ఏడాది కష్టానికి విలువ అక్కడ తేలిపోయేది.

ఆ రంగునిచ్చే పదార్థాన్ని 1815లో వోగెల్, పెల్టియే అనే రసాయనవేత్తలు విడదీశారు. అదే కుర్కుమిన్, ఓ పాలీఫినాల్. దాని నిర్మాణం 1910లో గానీ తేలలేదు. మన ఇళ్లలో ఆడవాళ్లకు ఈ గొడవేమీ లేదు, పసుపులో సున్నం కలిపి ఎర్రటి పారాణి చేసేవారు. క్షారం తగిలితే కుర్కుమిన్ ఎర్రబడుతుంది. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేటప్పుడు పిల్లలకు పసుపు కాగితంతో చూపించింది కూడా అదే.

ఈ కుర్కుమిన్ తర్వాత మెదడు పరిశోధనల్లోకీ వచ్చింది. పెద్దయ్యాక మెదడులో కొత్త నాడీకణాలు పుట్టవని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. 1960లలో జోసెఫ్ ఆల్ట్‌మన్ ఎలుకల్లో పుడతాయని చూపినా నమ్మినవాళ్లు తక్కువ. 2008లో పరిశోధకులు చిట్టెలుక పిండాల నాడీ మూలకణాలకు కుర్కుమిన్ ఇచ్చి చూశారు. కొద్ది మోతాదులో కణాలు వృద్ధి చెందాయి, మోతాదు పెంచితే చచ్చిపోయాయి. ఎదిగిన చిట్టెలుకల మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగంలోనూ కొత్త కణాలు పెరిగాయి.

ఇంకేముంది, సీసాల్లో పసుపు మాత్రలు దిగాయి. అయితే పసుపులో కుర్కుమిన్ ఉండేది నూటికి సుమారు 3 వంతులు. తిన్నదాంట్లో రక్తంలోకి చేరేది బహు స్వల్పం. 1998లో బెంగళూరు పరిశోధకులు మిరియాల్లోని పైపరిన్ జోడిస్తే ఎక్కువగా చేరుతుందని చూపారు. ఎలుకల ప్రయోగం జరిగిన 2008లోనే హాంకాంగ్‌లో 34 మంది అల్జీమర్స్ రోగులకు ఆరు నెలలు కుర్కుమిన్ ఇచ్చి పరీక్షిస్తే గుణం కనిపించలేదు.

పసుపు అమ్ముకుని బతికిన ఇంటివాణ్ణి, పసుపు మీద నాకు చిన్నచూపు లేదు. కూరలో నిక్షేపంగా వేసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లకు మతిమరుపు ముదురుతుంటే మాత్రం మాత్రల సీసా కొనకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.