దీపముండగానే



"దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకో" అంటారు మన పెద్దలు. చెన్నైలో ఉన్నా, బళ్లారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, యానాంలో ఉన్నా ఈ సామెత వినని తెలుగిల్లు ఉండదు. క్రైస్తవులు ఏటా క్రిస్మస్‌కు ముందు సుమారు నాలుగు వారాలు తలచుకునేది ఈ మాటనే. ఆ రోజులకు ఆగమన కాలమని పేరు. కొన్ని సంఘాలవారు అడ్వెంటు అంటారు. లాటిన్ భాషలో దాని మూలపదానికి అర్థం 'రాక'.

ఈ ఆచారం చాలా పాతది. 5వ శతాబ్దంలో, నేటి ఫ్రాన్సులోని టూర్ నగర బిషప్ పెర్పెట్యూస్ నవంబరు 11న వచ్చే సెయింట్ మార్టిన్ పండుగ మొదలు క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజులు ఉపవాసం ఉండాలని నియమం పెట్టారు. రాక అంటే రెండు రాకలు. ఒకటి బెత్లెహేములో శిశువుగా రావడం, రెండోది లోకాంతంలో న్యాయాధిపతిగా రావడం. అందుకే పూర్వం ఈ నాలుగు ఆదివారాలలో మరణము, తీర్పు, పరలోకము, నరకము అనే నాలుగు విషయాల మీద ప్రసంగాలు చేసేవారు.

"పండుగ ముందు చావు కబుర్లెందుకు మాస్టారూ?" అని మా తరగతిలో ఒక కుర్రవాడు అడిగాడు. ఆ రోజు నేను వాడికి చెప్పిన కథే మీకూ చెబుతాను.

ఆగమన కాలంలో ఆకుల వలయంలో కొవ్వొత్తులు వెలిగించే అలవాటు జర్మనీలో పుట్టింది. 1839లో హాంబర్గులో పేదపిల్లల ఆశ్రమం నడిపే వీహెర్న్ అనే పాస్టరు, క్రిస్మస్ ఎన్నాళ్లుందో పిల్లలు లెక్కపెట్టుకోవడానికి దాన్ని అమర్చారు. సరిగ్గా 105 ఏళ్ల తరువాత, అదే దేశంలో, బెర్లిన్ టెగెల్ జైలులో ఒక గురువు తన చివరి ఆగమన కాలం గడిపారు. ఆయన ఆల్ఫ్రెడ్ డెల్ప్ అనే జెస్యూట్. వయసు 37.

హిట్లరు పోయాక జర్మనీ ఎలా ఉండాలో రహస్యంగా ఆలోచించిన క్రైసావ్ బృందంలో ఆయన ఒకరు. 1944 జులై 20న హిట్లరుపై జరిగిన హత్యాయత్నంలో ఆయనకు పాత్ర లేదు. అయినా ఎనిమిది రోజులకే మ్యూనిక్‌లో పట్టుకున్నారు. ఆగస్టులో తీసుకోవలసిన తుది ప్రమాణం ఆగిపోయింది. జెస్యూట్ సభను వదిలితే విడిచిపెడతామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. డిసెంబరు 8న జైలులోనే తుది ప్రమాణం చేశారు.

ఆ డిసెంబరంతా బేడీలు పడిన చేతులతోనే ఆగమన కాలం మీద ధ్యానాలు రాశారు. మాసిన బట్టలు తీసుకెళ్లడానికి వచ్చే ఇద్దరు మహిళలు ఆ కాగితాలను దాచి బయటకు చేర్చారు. 1945 జనవరి 11న మరణశిక్ష పడింది. అయినా కలం ఆగలేదు. పరలోక ప్రార్థన మీద వ్యాఖ్య రాశారు. ఒక స్నేహితుడి ఇంట అప్పుడే పుట్టిన బిడ్డకు, వాడు పెద్దయ్యాక చదువుకోవాలని జనవరి 23న ఉత్తరం రాశారు. ఫిబ్రవరి 2న ఉరితీశారు. చితాభస్మం కూడా అయినవాళ్లకు దక్కలేదు.

శ్రోతలారా, ఒక్క విషయం గమనించండి. ఆయనకు భయం లేదని నేననడం లేదు. బతకాలనే ఆశ చివరిదాకా ఉంది. అయినా మరణానికి సిద్ధపడటమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమని ఆయన అనుకోలేదు. ఇచ్చిన మాట నిలుపుకున్నారు. చేతనైన పని చేశారు. తాను చూడబోని బిడ్డ కోసం నాలుగు మాటలు దాచిపెట్టారు. ఇల్లు చక్కబెట్టుకోవడమంటే అదే కదా!

మనకు బేడీలు లేవు. తేదీ కూడా ఎవరూ చెప్పలేదు. అందుకే బోలెడంత కాలం ఉందనుకుంటాం. తీర్చని అప్పు, అడగని క్షమాపణ, అన్నదమ్ముల మధ్య ఆగిపోయిన మాట, పిల్లలకు చెబుదామని వాయిదా వేసిన సంగతి, ఇవన్నీ రేపటికి నెట్టేస్తాం. ఏ మతం వారమైనా ఏడాదిలో కొన్నాళ్లు వీటి లెక్క చూసుకోవడం మంచిదే.

కథ విన్నాక మా కుర్రవాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే అది చావు కబురు కాదు మాస్టారూ, బతికే కబురు" అన్నాడు. వాడికి అంతకన్నా నేను చెప్పగలిగిందేమీ లేదు.