యుద్ధ తరహా తుపాకుల నిషేధం

మలక్‌పేట పక్కన అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉంది. జనం నోట 'మూసా రాముడు' అయిన ఈయన పేరుమీదే మూసారాంబాగ్ వెలిసిందంటారు. నిజాం కోసం ఫిరంగులు పోయించిన రేమండ్ 1798 మార్చిలో పోయాడు. అదే ఏడాది అక్టోబరు 22న, ఆయన పెంచిన సుమారు 14 వేల మంది దళాన్ని ఈస్టిండియా కంపెనీ సైన్యం చుట్టుముట్టి ఆయుధాలు దింపించింది. అది పాలకుల ఎత్తుగడ, జనం ప్రాణాల ఊసు అందులో లేదు. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ఇండియాలో వచ్చిన 1878 ఆయుధ చట్టమూ ఆ కోవలోదే. లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకీ పట్టరాదన్న ఆ చట్టం తెల్లవారిని మాత్రం మినహాయించింది.

1959 ఆయుధ చట్టం ఆ వివక్షను తీసేసింది. ట్రిగ్గర్ నొక్కి ఉంచినంతసేపు, లేదా మ్యాగజైన్ ఖాళీ అయ్యేదాకా తూటాలు వెళ్తూనే ఉండే తుపాకీని అది 'నిషిద్ధ ఆయుధం' అంది. చట్టం మొత్తానికి ప్రాణం ఈ నిర్వచనమే. కొనేవాడి మనసులో ఏముందో ఏ అధికారీ చూడలేడు, తుపాకీ ఎంత వేగంగా చంపగలదో మాత్రం ముందే తెలుస్తుంది. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను కూడా నిబంధనలు చాలావరకు సామాన్యుడికి అందని వర్గంలోనే పెట్టాయి. హైదరాబాదులో మామూలు రివాల్వర్ లైసెన్సును పోలీసు కమిషనర్ ఇస్తారు, నిషిద్ధ ఆయుధానికైతే కేంద్రం అనుమతి కావాలి. అక్రమంగా నిషిద్ధ ఆయుధం దాచినవారికి 2019 సవరణ 7 నుంచి 14 ఏళ్ల జైలు పెట్టింది.

చట్టం ఉన్నా తుపాకులు దొరుకుతూనే ఉన్నాయి కదా అన్నది ఈ నిషేధం మీద మొదటి అభ్యంతరం. నిజమే. 2025 జూలై 15 ఉదయం మలక్‌పేట శాలివాహననగర్ పార్కు దగ్గర, కారులో వచ్చిన దుండగులు కళ్లలో కారం చల్లి ఒక సీపీఐ నాయకుణ్ణి కాల్చి చంపారు. అది ఒక్కరికోసం పన్నిన హత్య, సామూహిక కాల్పులతో దాన్ని నేరుగా పోల్చలేం. అయితే యుద్ధ తుపాకీ నగరంలో అడుగుపెడితే ఏమవుతుందో 2008 నవంబరు 26న ముంబై చూసింది. ఛత్రపతి శివాజీ టెర్మినస్ స్టేషనులో ఇద్దరే ఇద్దరు ఏకే తరహా రైఫిళ్లతో 50 మందికి పైగా ప్రాణాలు తీశారు. ఆ తుపాకులు సముద్రం దాటి వచ్చినవి, ఇక్కడి దుకాణంలో దొరికినవి కావు. చంపాలనుకున్నవాడు బాంబైనా పెడతాడన్నది రెండో మాట. మలక్‌పేటను ఆనుకున్న దిల్‌సుఖ్‌నగర్‌లో 2013 ఫిబ్రవరి 21 జంట పేలుళ్లను గుర్తుచేస్తారు. కానీ పేలుడు పదార్థాలపై 1908 నుంచే చట్టం ఉంది. బాంబులు పేలుతున్నాయి కాబట్టి ఆ చట్టం తీసేద్దామని ఎవరూ అనరు.

తెలుగువారికి ఈ చర్చ అమెరికాలో మరింత దగ్గరగా తగిలింది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతేలో హైదరాబాదు నుంచి వెళ్లిన ఇంజనీరు ఒకరు బలయ్యారు. అక్కడ పేలింది పిస్తోలు. రైఫిళ్ల నిషేధం ఆ చావును ఆపేది కాదని ఒప్పుకోవాలి. 2023 మే 6న టెక్సాస్‌లోని అలెన్ మాల్‌లో మాత్రం ఏఆర్-15 తరహా రైఫిల్‌తో వచ్చినవాడు నిమిషాల్లో 8 మందిని చంపాడు, వారిలో హైదరాబాదు యువతి ఒకరు. నిషేధం హత్యలన్నిటికీ మందు కాదు. ఒక్కడి చేతిలో పోయే ప్రాణాల లెక్కను తగ్గించడం వరకే దాని పని. క్రైస్ట్‌చర్చి మసీదుల్లో 51 మంది చనిపోయాక న్యూజిలాండ్ 2019లో నెల తిరక్కుండానే నిషేధం తెచ్చి, 50 వేలకు పైగా తుపాకులను వెనక్కి తీసుకుంది. అమెరికా 1994లో తెచ్చిన నిషేధం అప్పటికే జనం దగ్గరున్న తుపాకుల జోలికి పోలేదు. కొంతవరకు అందుకే దాని ఫలితం మీద పరిశోధకులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఆ చట్టం 2004 సెప్టెంబరు 13న గడువు తీరి పోయింది. 2022 జూలైలో ప్రతినిధుల సభ 217–213 ఓట్లతో కొత్త నిషేధాన్ని ఆమోదించినా, సెనేట్‌లో అది గట్టెక్కలేదు.