ఎడో వీధుల్లో మర్దన ఈల

జపాన్‌లోని ఫుకువొకా సంస్థానానికి చెందిన పండితుడు కైబరా ఎక్కెన్ ఎనభై దాటిన వయసులో ‘యోజోకున్’ అనే ఆరోగ్య గ్రంథం రాశారు. అది 1713 నాటి మాట. 83 ఏళ్లొచ్చినా రాత్రిపూట సన్న అక్షరాలు రాయగలుగుతున్నానని, ఒక్క పన్నూ ఊడలేదని ఆయన అందులో చెప్పుకున్నారు. ఒళ్లు మర్దించుకోమనీ, అరికాళ్లు రుద్దుకోమనీ సలహా ఇచ్చిన ఆ పుస్తకంలోనే వృద్ధుల సంరక్షణ గురించి విడిగా ఒక భాగముంది. ముసలివారికి ఒంటరితనం గిట్టదు, పిల్లలు అప్పుడప్పుడూ పక్కన కూర్చుని నెమ్మదిగా కబుర్లు చెప్పాలి అంటారాయన. మందుల గురించీ తిండి గురించీ ఎంతో రాసిన మనిషి, పెద్దవారికి సాటి మనిషి దగ్గరితనం కూడా అవసరమేనని గుర్తించారు.

ఆ రోజుల్లో ఎడో నగరంలో, అంటే నేటి టోక్యోలో, చీకటి పడ్డాక వీధుల్లో ఈల వినిపించేది. చూపులేని మర్దనకారులు కర్ర ఊతంతో ఈల ఊదుకుంటూ తిరిగేవారు. నడుం పట్టేసినవారు, కాళ్లు పీకుతున్నవారు వాళ్లను ఇంట్లోకి పిలిచి ఒళ్లు పట్టించుకునేవారు. ‘అన్మా’ అనే ఈ మర్దన అంధులకు గౌరవమైన జీవనోపాధి అయింది. చిన్నతనంలోనే చూపు పోగొట్టుకున్న సుగియామా వాయిచి (1610–1694) సూదివైద్యంలో పేరు గడించి, నాటి జపాన్ సైనిక పాలకుడైన షోగన్ త్సునయోషికి వైద్యం చేసే స్థాయికి ఎదిగారు. సూదిని తేలిగ్గా గుచ్చడానికి ఆయన వాడిన సన్న గొట్టం పద్ధతి నేటికీ చలామణిలో ఉంది. అంధ విద్యార్థులకు ఈ విద్యలు నేర్పే బడులు కూడా ఆయన చొరవతోనే వచ్చాయి.

ఆ తర్వాత ఈ వృత్తికి గడ్డురోజులు వచ్చాయి. అంధుల వృత్తి సంఘం 1871లో రద్దయింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆక్రమణ సేనల పాలనలో సంప్రదాయ వైద్యాలను నిషేధించాలన్న ఆలోచన నడిచింది. అంధ వృత్తిదారులతో సహా వైద్యులంతా గట్టిగా ఎదురు నిలిచారు. 1947లో నిషేధానికి బదులు ఈ వృత్తులను గుర్తించే చట్టం వచ్చింది. ఇప్పుడు అక్కడ మర్దన వృత్తి చేపట్టాలంటే కనీసం మూడేళ్లు చదివి, జాతీయ పరీక్ష నెగ్గాలి. అంధుల ఉపాధి దెబ్బతినకుండా, చూపున్నవారి కోసం కొత్త మర్దన కోర్సులను పరిమితం చేసే నిబంధన కూడా ఉంది. అది రాజ్యాంగబద్ధమేనని 2022లో జపాన్ సుప్రీంకోర్టు తేల్చింది.

ఈ చరిత్ర ఫలం నేడు మంచం పట్టిన వృద్ధులకు అందుతోంది. పక్షవాతంతో కండరాలు చచ్చుబడినవారికీ, కీళ్లు బిగుసుకుపోయినవారికీ డాక్టరు సమ్మతి ఉంటే మర్దన ఖర్చులో ఎక్కువ భాగాన్ని ఆరోగ్య బీమా భరిస్తుంది. నడవలేనివారి ఇంటికే మర్దనకారులు వస్తారు.

మృదువైన స్పర్శ మనసుకు ఎందుకు హాయినిస్తుందో స్వీడన్ పరిశోధకులు కొంత వివరించారు. వెంట్రుకలున్న చర్మంలో కొన్ని సన్నని నరాలు ఉంటాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నెమ్మదిగా నిమిరినప్పుడు అవి బాగా స్పందిస్తాయి. వస్తువును తడిమి పోల్చుకునే శక్తి వయసుతో తగ్గినా, నిమిరితే కలిగే హాయి మాత్రం మిగిలే ఉంటుంది. మతిమరుపు వ్యాధి ఉన్నవారి మీద జరిగిన మర్దన అధ్యయనాలను 2006లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష జల్లెడ పట్టింది. నమ్మదగినవి కొద్దిగానే తేలాయి. అయినా చేతులకు మర్దన చేస్తే వారి ఆందోళన కొంతసేపు తగ్గుతుందనీ, భోజనం పెడుతూ మాటతోపాటు చెయ్యి కూడా వేస్తే కాస్త ఎక్కువ తింటారనీ సూచనలు దొరికాయి. మర్దన జబ్బు నయం చేయదు. జబ్బుతో బతుకుతున్న మనిషి రోజును తేలిక చేస్తుంది.

జాగ్రత్తలూ ముఖ్యమే. ఒక కాలే వాచి నొప్పిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. దాన్ని ఒత్తకుండా డాక్టరుకు చూపించాలి. రక్తం పలచబడే మందులు వాడేవారికీ, ఎముకలు గుల్లబారినవారికీ గట్టి మర్దన కూడదు. మధుమేహంతో పాదాలు మొద్దుబారినవారికి నొప్పి తెలియదు కాబట్టి ముందు పుండ్లున్నాయేమో చూడాలి. అన్నిటికన్నా ముందు, ‘కాళ్లు ఒత్తనా?’ అని అడిగి, వారు సరేనన్నాకే చెయ్యి వెయ్యాలి.

మన ఇళ్లలో పసిబిడ్డకు నూనె రాసి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసే అలవాటు తరతరాలుగా వస్తోంది. ఆ శ్రద్ధలో కొంతైనా తాతకూ అమ్మమ్మకూ దక్కాలి. జపాన్ ఈ పనిని చదువుగా, పరీక్షగా, జీతంగా మలచింది. తెలుగునాట కూడా వృద్ధాశ్రమాల్లో, ఇళ్లలో పెద్దవారిని చూసుకునే సహాయకుల శిక్షణలో మర్దన ఒక పాఠం కావాలి, అది నేర్చినవారికి తగిన వేతనం దక్కాలి. ప్రభుత్వాలు చేయాల్సిన పని అది. ఈలోగా రోజుకు పది నిమిషాలు పెద్దవారి చేతులకు కాస్త నూనె రాసి, కబుర్లు చెబుతూ మర్దించడం మనం ఈ రోజే మొదలుపెట్టవచ్చు.