వచ్చిపోయింది, ఇగ రాదు!

2020 మే 1. ఇంకా తెల్లారలేదు. సంగారెడ్డి పక్కన కందిలో, ఐఐటీ హైదరాబాద్ నిర్మాణ పనులకొచ్చిన కార్మికులు మూటలతో బస్సులెక్కుతున్నారు. జీతాలివ్వండి, ఊళ్లకు పంపండి అంటూ ఏప్రిల్ 29న పోలీసులతో తలపడింది ఈ కూలీలే. బస్సులు ముంబయి హైవే మీద పటాన్‌చెరు దాటి లింగంపల్లి స్టేషన్‌లో ఆగాయి. అక్కడ ఒక్కొక్కరికీ జ్వరం చూశారు. 72 మంది పట్టే బోగీలో 54 మందినే కూర్చోబెట్టారు. 4.50కి రైలు కదిలింది. సుమారు 1,200 మంది. జార్ఖండ్‌లోని హతియాకు ప్రయాణం. లాక్‌డౌన్ పెట్టాక వలస కార్మికుల కోసం దేశంలో నడిచిన మొదటి రైలు అదే.

జ్వరం ఉందో లేదో నుదుటి దగ్గర పెట్టిన పరికరం చెబుతుంది. కొవిడ్ వైరస్‌ను ఒళ్లు ఇదివరకే ఎరుగునా అన్నది దానికి అందదు. ఎరిగినవాళ్లు అప్పటికి ఎంతమందని! అదే మే నెలలో జాతీయ పోషకాహార సంస్థ జనగామ, కామారెడ్డి, నల్గొండ జిల్లాల్లో రక్తనమూనాలు పరీక్షిస్తే 0.33 శాతం మందిలోనే యాంటీబాడీలు కనిపించాయి. ఆగస్టుకు 12.2 శాతం, డిసెంబరుకు 24.1 శాతం.

అప్పటికి టీకొట్ల దగ్గర ఓ ధీమా మొదలైంది: "నాకైతే వచ్చిపోయింది, ఇగ మల్ల రాదు." ఇందులో సగం నిజం. ఆ సగం రుజువైంది లింగంపల్లికి దగ్గర్లోని గచ్చిబౌలిలోనే. 2021 జనవరి 16 నుంచి ఫిబ్రవరి 5 మధ్య టీకా తీసుకున్న 260 మంది వైద్య సిబ్బందిని ఏఐజీ ఆస్పత్రి పరిశీలించింది. కొవిడ్ వచ్చి తగ్గినవాళ్లలో ఒక్క డోసుకే యాంటీబాడీలు ఎగసిపడ్డాయి. వైరస్‌ను గుర్తుపెట్టుకునే జ్ఞాపక టి-కణాల స్పందన కూడా మిగతావాళ్లకంటే ఎక్కువే. ఒళ్లు మరిచిపోలేదన్నమాట.

ఆ జ్ఞాపకాన్ని ఎక్కడ దాచుకుంటుంది? ఉస్మానియాలో చదివి అమెరికా వెళ్లిన రఫీ అహ్మద్ ఈ ప్రశ్న వెంటే జీవితమంతా నడిచారు. యాంటీబాడీలు తయారుచేసే కణాలు ఎముక మజ్జలో చాలాకాలం బతుకుతాయని 1998లో ఎలుకల్లో చూపిన బృందం ఆయనదే. 2021లో 254 మంది కొవిడ్ బాధితులను ఎనిమిది నెలల వరకు గమనించినప్పుడూ అదే ధోరణి: యాంటీబాడీలు మొదట వేగంగా తగ్గి, తర్వాత నెమ్మదించాయి, జ్ఞాపక కణాలు నిలిచాయి. ఇంతకన్నా విడ్డూరం 1918 నాటి ఫ్లూది. దాన్ని తట్టుకుని బతికిన 32 మందిలో దాదాపు తొంభై ఏళ్ల తర్వాత కూడా ఆ వైరస్‌ను అడ్డగించే యాంటీబాడీలు దొరికాయి.

మరి మళ్లీ ఎందుకు వస్తుంది? తట్టు వైరస్ ఒంట్లో చేరాక బయటపడటానికి పది రోజులు పైనే పడుతుంది. ఆలోగా జ్ఞాపక కణాలు లేచి పనిలో దిగుతాయి. జలుబు, ఫ్లూ, కొవిడ్‌లది ముక్కులోనే, కొద్ది రోజుల్లోనే మొదలయ్యే వ్యవహారం. ముక్కు పొరల్లోని యాంటీబాడీలు తొందరగా పలచబడతాయి. కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ లేడు, లోపల మాత్రం షిఫ్టు నిండా మనుషులున్నారు. దొంగ జొరబడతాడు, ఎక్కువ దూరం పోలేడు. పైగా కొవిడ్ వైరస్ వేషం కూడా మారుస్తుంది.

2022 జనవరిలో దాని కొత్త రూపం ఒమిక్రాన్ అదే చేసింది. ఒకసారి వచ్చినవాళ్లకూ, టీకా వేసుకున్నవాళ్లకూ మళ్లీ అంటుకుంది. తెలంగాణలో కేసులు రోజుకు వేలల్లో వచ్చాయి, ఆస్పత్రుల్లో పడకలు మాత్రం 2021 మేలో నిండినట్టు నిండలేదు.